వేయించని మసాలా: బొగ్గుల మీద మాంసానికి మేం కొట్టుకున్న పొడి

కూరకు వేసే మసాలా వేరు, నిప్పుల మీద కాల్చే మాంసానికి పూసే మసాలా వేరు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా. నేను కొట్టుకున్న పొడి మొత్తం ఈ ఒక్క తేడా చుట్టూనే తిరిగింది.

మన ఇళ్ళల్లో మసాలా అనగానే చేయి మూకుడు మీదికే పోతుంది. ధనియాలు దోరగా వేయించి, జీలకర్ర చిటపటలాడించి, పొడి కొట్టి ఉడికే కూరలో వేస్తాం. అందులో తప్పేం లేదు. కూరలో నీళ్ళుంటాయి. నీళ్ళున్నంత సేపు గిన్నెలో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆ వేడికి ధనియం ఉడుకుతుందే గానీ వేగదు. ఆ వేగిన వాసన కావాలంటే ముందే వేయించుకోవాలి. బొగ్గుల మీద అట్లా కాదు. ముక్క పైభాగం సెగను నేరుగా తింటుంది. పైనున్న తడి ఆరిపోగానే అక్కడి వేడి 100 దాటి ఎక్కడికో పోతుంది. ముందే వేగిన ధనియం అక్కడ రెండోసారి వేగి చేదెక్కుతుంది. అందుకని పొడి పచ్చిగానే కొట్టాలి, వేయించే పని నిప్పుకు వదిలేయాలి. మా అమ్మ మాత్రం ఈ మాట ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు.

డల్లాస్‌లో ఉండే మా బామ్మర్ది ఎండాకాలంలో అనంతపురం వచ్చినప్పుడు ఒక డబ్బా పట్టుకొచ్చాడు. మాంసానికి పూసి కాల్చుకునే పొడి, అక్కడ రబ్ అంటారు. "బావా, ఆదివారం మిద్దె మీద బార్బెక్యూ పెడదాం" అన్నాడు. నేను డబ్బా తిప్పి వెనక రాసింది చదివాను. అమెరికాలో ఏ సరుకు బరువెక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలని నియమం. ఆ డబ్బా మీద మొదటి పేరు చక్కెర, రెండోది ఉప్పు. ఆ తర్వాత పాప్రికా, అంటే కారం పెద్దగా లేని ఎర్ర మిరప పొడి. తెల్లగడ్డ పొడి, ఎర్రగడ్డ పొడి, మిరియాలు ఆ వెనక. అంటే ఆ డబ్బాలో అన్నిటికన్నా ఎక్కువున్నవి చక్కెర, ఉప్పే! వాటి కోసం సముద్రాలు దాటించి తేవాలా అనిపించింది.

అయితే వాళ్ళు చక్కెర ఊరికే వేయలేదు. అక్కడి పద్ధతిలో మాంసాన్ని మూత బిగించిన పొయ్యిలో, మంటకు దూరంగా, 110 నుంచి 135 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచుతారు. చక్కెర రంగు మారడం మొదలయ్యేదే సుమారు 160, 170 డిగ్రీల దగ్గర. కాబట్టి అక్కడ అది మాడదు, మెల్లగా కరిగి ముక్క చుట్టూ నల్లటి తీపి పొరలా గట్టిపడుతుంది. ఆ దేశంలోనూ అందరూ ఒకటే చేయరు. మెంఫిస్ ఊళ్ళో పక్కటెముకల మీద ఎర్రటి పొడి దట్టంగా చల్లుతారు. మా బామ్మర్ది ఉండే టెక్సాస్‌లో పాతకాలం వాళ్ళు పశుమాంసానికి ఉప్పూ మిరియాలు తప్ప ఇంకేం పూయరట. మనం కాల్చేది మాత్రం ఎర్రటి బొగ్గులకు జానెడు ఎత్తులో, మూత లేకుండా. అక్కడ ఆ డబ్బా పొడి పూస్తే మూడో నిమిషానికే చక్కెర మాడి బొగ్గవుతుంది. అందుకే పొడి మనమే కొట్టుకుందామని చెప్పాను. డబ్బా అలమరలోకి పోయింది.

మిరపకాయలతో మొదలుపెట్టాను. ఆ పాప్రికా స్థానంలో మనకు బ్యాడిగి మిరప ఉండనే ఉంది. ముడతలు పడిన తోలు, ముదురు రంగు, కారం తక్కువ. పేరు కర్ణాటకలోని హావేరి జిల్లా ఊరిదే గానీ, మా జిల్లాలో ఉరవకొండ, గుంతకల్లు వైపు నల్లరేగడిలోనూ పండిస్తారు, పండిన కాయ మళ్ళీ ఆ బ్యాడిగి మార్కెట్టుకే పోతుంది. గుంటూరు తేజ రకం ఇక్కడ పనికిరాదు. కారం సంగతి కాదు, సీమవాళ్ళం కారానికి జంకుతామా! పొడి ముక్కకు దట్టంగా పట్టాలంటే కిలో మాంసానికి పాతిక ముప్పై గ్రాములు పడుతుంది. అందులో తేజ కారం ఎక్కువుంటే నోరు మండడం తప్ప ఇంకేం తెలియదు. పైగా అది బొగ్గుల మీద పడినప్పుడు వచ్చే ఘాటుకు మిద్దె మీదున్నవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటూ కిందికి దిగాలి.

కాయలు కొనేటప్పుడు ఒకటి విరిచి చూడండి. పెళుసుగా విరగకుండా తోలులా సాగిందంటే తేమ ఉన్నట్టే. మా పాతూరు కొట్లో తెచ్చినవి కొంచెం మెత్తగానే ఉన్నాయి. రెండు పూటలు మిద్దె మీద ఎండబెడితే గలగలలాడాయి. తొడిమలు తీశాను, గింజలు సగం దులిపేశాను. రంగంతా తోలులోనే ఉంటుంది, గింజ రంగివ్వదు, పైగా ముందు మాడేది అదే.

తెల్లగడ్డ, ఎర్రగడ్డ పొడులు బజారులో దొరుకుతాయి. కానీ అనంతపురంలో ఉంటూ, ఏప్రిల్ నెలలో, ఎండబెట్టిన సరుకు డబ్బులిచ్చి కొనడం నాకు సిగ్గనిపించింది. నలభై డిగ్రీలు దాటే ఎండ, గాలిలో తడే లేదు. ఈ ఊరి ఎండను తిట్టని రోజుండదు, ఆ వారం మాత్రం మెచ్చుకున్నాను. తెల్లగడ్డలు పొట్టు తీసి, రెబ్బల్ని అడ్డంగా పల్చగా కోసి, స్టీలు పళ్ళెంలో పరిచి, పైన పల్చటి పంచె గుడ్డ కప్పి ఆరేశాను. గుడ్డ దుమ్ముకు, కాకులకు. ఎర్రగడ్డలు ఇంకా పల్చగా కోయాలి. చిన్న సైజువే మేలు, పెద్దవాటిలో నీళ్ళెక్కువ. ఎర్రగడ్డలో పదింట తొమ్మిది వంతుల దాకా నీళ్ళే కాబట్టి కిలో కోస్తే చివరికి మిగిలేది నూరు గ్రాములు, మహా అయితే ఇంకొంచెం. ఆ కొంచెం కోసం అంత కన్నీరా అని మా ఆవిడ గొణిగింది, కోసింది మాత్రం ఆమే. తెల్లగడ్డ అంత మోసం చేయదు, మూడో వంతు మిగులుతుంది.

ఎండిందో లేదో చేతితోనే తెలుస్తుంది. తెల్లగడ్డ ముక్క పుటుక్కున విరగాలి. వంగిందంటే ఇంకో రోజు. తడి ఉండగా మిక్సీలో వేస్తే పొడి కాదు, జిగురు ముద్దై బ్లేడు కింద అతుక్కుంటుంది. రాత్రిళ్ళు లోపలికి తెచ్చి పెట్టాలి, లేదంటే తెల్లవారుజాము చల్లదనానికి మళ్ళీ మెత్తబడుతుంది. ఇంట్లో వాసన సంగతి చెప్పను. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూసి, ఊరగాయ పెడుతున్నారా అని అడిగారు.

పులుపు దగ్గర కొంచెం ఆలోచించాను. మామూలుగా నిమ్మకాయ పిండుతాం, లేదా పెరుగు పట్టిస్తాం. రెండూ తడి. తడి ముక్క ముందు ఉడుకుతుంది, నీరంతా ఆవిరై పోయాక గానీ కాలదు, ఈలోగా లోపల గట్టిపడుతుంది. పొడి పులుపు కావాలి. చింతపండును ఎంత ఎండబెట్టినా పొడి కాదు. ఇంతలో అమ్మ జాడీలో కిందటేడు మామిడి ఒరుగులు కనిపించాయి. పచ్చి మామిడి చెక్కలకు ఉప్పేసి ఎండబెట్టినవి, పప్పులో వేసుకునేవి. నాలుగు చెక్కలు తీసి దంచితే మెత్తటి పుల్లటి పొడి వచ్చింది. ఆ ఒక్క సరుకుతో ఈ పొడి మనదైపోయింది. "పప్పులోకి పెట్టుకున్నవిరా అవి" అని అమ్మ కేకేసింది గానీ అప్పటికే రోట్లో పడ్డాయి.

ధనియాలకు మా వైపు కొదవ లేదు. కర్నూలు, అనంతపురం నల్లరేగళ్ళలో చలికాలం మంచుకు పండే పంట అది, నీళ్ళు కట్టే పని కూడా ఉండదు. కొత్త ధనియాలు పసుపు ఛాయలో, నలిపితే నారింజ తొక్క వాసన వస్తాయి. ఆ వాసన కోసమే వేయించకుండా వాడాలి. వేయిస్తే మొదట పోయేది అదే. వాటిని మెత్తగా చేయకూడదు. ఒక్కో గింజ నాలుగైదు ముక్కలయ్యేలా కచ్చాపచ్చాగా దంచాలి. మిరియాలూ అంతే. మెత్తటి పొడి నిప్పు తగలగానే మాడుతుంది, బరక నిలుస్తుంది. పళ్ళ కింద పడినప్పుడు చిట్లి అప్పుడు రుచి వదులుతుంది. జీలకర్ర మాత్రం నలిగితే చాలు.

మిరియాలు కాస్త ఎక్కువే వేశాను. మిరపకాయ పోర్చుగీసువాళ్ళు తెచ్చిన పంట, 16వ శతాబ్దం దాకా ఈ నేలకు దాని పొడే తెలియదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడ వీధివీధినా పొట్టేలు మాంసం అమ్ముతున్నారని, శుభ్రంగా కొవ్వు పట్టి ఉందని రాసిపెట్టాడు. మా పెనుకొండ కూడా ఆ రాజ్యంలో ముఖ్యమైన కోటే. ఆ రోజుల్లో మాంసంలోకి కారం మిరియాలదే అయ్యుంటుంది. కాబట్టి మాంసానికి మిరియం పెద్దది, మిరప చిన్నది. తోబుట్టువుల్లా రెండూ ఉండాలి గానీ పెద్దదాని మాట మొదట వినపడాలి. ఇది నా అభిప్రాయం, మా ఇంట్లో దీనికి ఓట్లు పడలేదు.

లవంగం, యాలక్కాయ, జాపత్రి, అనాసపువ్వు వేయలేదు. కొట్టు సేటు "గరం మసాలా లేకుండా కబాబు పొడి ఏంది సార్" అని పొట్లం కట్టబోయాడు కూడా. ఒక్క లవంగం చాలు, బొగ్గు పొగ వాసనను మింగేయడానికి. అంత కష్టపడి నిప్పు రాజేసేదే ఆ పొగ కోసం. దాని మీద బిర్యానీ వాసన కప్పుకోవాలంటే ఇంట్లో గ్యాసు పొయ్యి మీదే వండుకోవచ్చు.

కొలత చెప్తాను. నూరు గ్రాముల పొడికి బ్యాడిగి కారం 40, ధనియాలు 20, మిరియాలు 12, తెల్లగడ్డ పొడి 10, జీలకర్ర 8, ఎర్రగడ్డ పొడి 6, ఒరుగుల పొడి 4 గ్రాములు. మిరపకాయల్ని మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. ఏకధాటిగా తిప్పితే జారు వేడెక్కి వాసన అక్కడే ఎగిరిపోతుంది, రంగూ మందగిస్తుంది. తెల్లగడ్డ, ఎర్రగడ్డ కలిపి ఒక విడత. ధనియాలు, మిరియాలు, జీలకర్ర రోట్లో. చివర అన్నీ వెడల్పాటి పళ్ళెంలో చేత్తో కలిపి, ఉండలు కట్టినవి నలిపి, వేడి పూర్తిగా చల్లారాక గాజు సీసాకు ఎత్తాను. తీపి కావాలనుకుంటే బెల్లం తురుము చిటికెడు, కాల్చడం అయిపోవచ్చాక పైన చల్లుకోవచ్చు. సీసాలో కలిపితే అది తేమ పీల్చి పొడినంతా గడ్డ కట్టిస్తుంది.

ఒరుగులకు పట్టిన కాస్త తప్ప ఇందులో ఉప్పు లేదని గమనించే ఉంటారు. కావాలనే కలపలేదు. డబ్బా పొడుల్లో ఉప్పు కలిపేసి ఉంటుంది కాబట్టి పొడి ఎక్కువ పూస్తే ఉప్పెక్కువ, ఉప్పుకు భయపడితే పొడి తక్కువ. రెండూ విడివిడిగా ఉంటే ఆ పేచీ లేదు. ఇంకో కారణం ఉంది. మసాలా ఎంత రుద్దినా ముక్క పైనే ఉంటుంది, లోపలికి పోయేది నామమాత్రం. లోపలికి నిజంగా ఇంకేది ఉప్పొక్కటే, దానికి టైం కావాలి. ఉప్పు పూసిన కాసేపటికి ముక్క మీద నీరు ఊరుతుంది, ఆ నీటిలో ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. కొన్ని గంటలాగితే పైన ఆరిపోయి కొంచెం అంటుకునేలా తయారవుతుంది. పొడి పట్టాల్సింది ఆ పొర మీదే. కిలో మాంసానికి 15 గ్రాముల ఉప్పు తూకం వేసి పూస్తాను. ఎముక ఎక్కువుంటే కొంచెం తగ్గిస్తాను. చెంచా కొలత వద్దు, రాళ్ళుప్పు చెంచా, మెత్తుప్పు చెంచా ఒకే బరువుండవు.

ఈ ఉప్పు పద్ధతి నాకు డల్లాస్ నేర్పలేదు. మా జేజి ఒట్టి తునకలు చేసేటప్పుడు చూసిందే. పండగకు కోసిన పొట్టేలు మిగిలితే పొడుగ్గా చీలికలు కోసి, రాళ్ళుప్పూ పసుపూ పట్టించి, రాత్రంతా ఉంచి, మర్నాడు వసారాలో దారానికి గుచ్చి వేలాడదీసేది. నెలల తర్వాత అందులోంచి ఒకటి లాగి పొయ్యిలో కాల్చి, రోట్లో రెండు దెబ్బలు వేసి మా చేతుల్లో పెట్టేది. ఆమె ఏనాడూ దానికి గరం మసాలా పూయలేదు. నేను కూడా ఉప్పుతో పాటు చిటికెడు పసుపు కలిపాను. పొడిలో మాత్రం కలపలేదు, ఎరుపు మసకేస్తుంది.

మాంసం దగ్గర కసాయి భాయ్‌తో కొంచెం బేరసారాలు జరిగాయి. "చాప్స్ కావాలి భాయ్, వేలెడు మందం, ఎముకతో" అన్నాను.

"కూరకు అంత మందం ఎందుకు సార్?"

"కూరకు కాదు, కాల్చడానికి."

"అయితే ముదురు పొట్టేలు వద్దు. లేతది రేపు కోస్తా, అది తీస్కో. కొవ్వు తీసేద్దునా?"

"వద్దు, ఉండనీ."

"కాల్చేటోళ్ళకు కొవ్వు విలువ తెలుసు" అని నవ్వి, మర్నాడు చెప్పినట్టే లేత పొట్టేలుది వెన్ను పక్క నుంచి కోసిచ్చాడు. ఆ కొవ్వు అంచు కరిగి పొడిని తడుపుతుంది. మాంసం శనివారం పొద్దున తెచ్చి ఆదివారం సాయంత్రానికి కాల్చాం. మనకు కోసిన పూటే వండడం అలవాటు. కూరలో గంటసేపు ఉడుకుతుంది కాబట్టి చెల్లిపోతుంది. కోసిన కొన్ని గంటలకు కండ బిగుసుకుంటుంది, ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంటేనే ఆ బిగువు వదులుతుంది. నిప్పుల మీద పదినిమిషాల్లో తేలిపోయే ముక్కకు ఆ ఒక్క రోజు చాలా తేడా చూపిస్తుంది. పచ్చి బొప్పాయి రాస్తే గంటలో మెత్తబడుతుంది నిజమే, కాస్త ఏమరితే పైన పిండిపిండిగా కూడా అవుతుంది. నాకు అది నచ్చదు.

పిల్లల కోసం కోడి కాళ్ళు కూడా తెచ్చాం. చికెన్ కొట్లో అడక్కుండానే తోలు లాగేస్తారు, ముందే చెప్పి స్కిన్‌తో తీసుకోండి. తోలు మీద పొడి నిలుస్తుంది, తోలు లేని ముక్క మీద మాంసం నీరు ఊరి కొట్టుకుపోతుంది.

బొగ్గుల విషయానికొస్తే మా బామ్మర్దికి మతిపోయింది. వాళ్ళ ఊళ్ళో మెస్కీట్ అనే చెట్టు చెక్క ముక్కలు సంచుల్లో కట్టి అమ్ముతారు, పొగ మంచి వాసనొస్తుందని టెక్సాస్ వాళ్ళకు అదంటే ప్రాణం. ఆ చెట్టు ఫోటో ఫోన్లో చూపించాడు. సన్నటి ఆకు, ముళ్ళు, పొడుగాటి కాయలు. చూడగానే నవ్వొచ్చింది. అది మన సర్కారు తుమ్మకు దాయాది, రెండూ ప్రోసోపిస్ జాతివే. చెరువు కట్టల మీద, బీడు భూముల్లో, రైలు పట్టాల పక్కన ఎక్కడ చూసినా అదే కంప. అది మన దేశంలోకి మొదట వచ్చింది కూడా పక్క జిల్లాకే. 1877లో కడప జిల్లా కమలాపురంలో, ఎండిన నేలల్లో పచ్చదనం కోసం, వంటచెరకు కోసం నాటారు. ఇప్పుడది పెరికినా పోదు. రైతులు తిడతారు, బట్టీలవాళ్ళు బొగ్గు చేసి అమ్ముకుంటారు. ఇస్త్రీ బండి అన్నకు బొగ్గు ఎక్కడిదని అడిగితే కొట్టు చూపించాడు. బరువైన బొగ్గు, తడితే గాజు మోగినట్టు ఖణేల్‌మంటుంది. అంటుకోవడానికి టైం పడుతుంది గానీ అంటుకుంటే చాలాసేపు వేడి తగ్గదు. "డబ్బులిచ్చి కొంటాన్నాం బావా అక్కడ!" అని వాడు ఆ సాయంత్రమంతా అదే మాట.

వెల్డింగ్ షాపులో పాత డ్రమ్మును నిలువుగా చీల్చి కాళ్ళు పెట్టించాం, పైన ఇనుప జాలీ. బొగ్గులన్నీ ఒక పక్కకే పోశాం, రెండో పక్క ఖాళీ. ఎర్రగా మండుతున్నప్పుడు తొందరపడకూడదు. బొగ్గు మీద తెల్ల బూడిద పొర కట్టాలి. జాలీకి జానెడు పైన అరచేయి పెడితే మూడు అంకెలు లెక్కపెట్టేలోపు వెనక్కి లాక్కోవాలనిపిస్తే చాప్స్‌కు సరిపడా వేడి ఉన్నట్టు.

ముక్కలకు ముందు పల్చగా గానుగ వేరుశనగ నూనె రాసి, ఆ మీద పొడి చల్లి చేత్తో అద్దాం. రుద్దితే బరకంతా చేతికే వస్తుంది, అద్దాలి. నూనె ఎందుకంటే మిరప రంగు నీళ్ళలో కరగదు, నూనెలోనే విడుదలవుతుంది. అద్దిన కొద్దిసేపటికి ఆ ఇటుకరంగు పొడి ముదిరి కుంకుమలా మెరిసింది.

ఇప్పుడు వేయించడం, వేయించకపోవడం పంచాయితీ. అమ్మ పట్టు విడవలేదు. "వేయించకుండా మసాలా కొడ్తారా ఎవరన్నా? పచ్చివాసన రాదా?" సరే అని సగం చాప్స్‌కు ఆమె చెప్పినట్టు ధనియాలు, జీలకర్ర వేయించి కొట్టిన పొడి, సగానికి నాది. మిగతావన్నీ ఒకటే కొలత. గుర్తుకు, బొగ్గులున్న వైపే, ఆమె ముక్కలు ఎడమ పక్క, నావి కుడి పక్క. ముక్కను ఒక్కో వైపు నాలుగైదు నిమిషాల చొప్పున కాల్చాం. వేయించిన పొడి వాసన ముందు గుప్పున కొట్టి రెండు నిమిషాల్లో సన్నగిల్లింది. తిప్పి చూస్తే అంచుల్లో కాఫీగింజ రంగు తిరిగి, నములుతుంటే చివర్లో నాలుక మీద చేదు తగిలింది. పచ్చి పొడి మొదట ఏం వాసనా రాలేదు. మూడో నిమిషం నుంచి జాలీ మీదే ధనియాలు వేగుతున్న వాసన మొదలై, ముక్క దించేసరికి మిద్దె మెట్ల దాకా పాకింది. కింద ఉన్న మా ఆవిడ "ధనియాలు ఎవరు వేయిస్తాండారు?" అని అడిగింది.

అమ్మ రెండూ తిని చూసింది. "రెండూ బాగుండాయి. ఆ పక్కది కొంచెం మాడింది, నువ్వు తిప్పడం ఆలస్యం చేసినావు" అని తీర్పు చెప్పింది. రెండో ముక్క మాత్రం నా పక్క నుంచే తీసుకుంది.

కోడి కాళ్ళకు చాప్స్ పద్ధతి కుదరదు. మందం ఎక్కువ, బయట మాడేసరికి లోపల ఎముక దగ్గర నెత్తురు కనిపిస్తుంది. రెండు గాట్లు పెట్టి, బొగ్గు లేని పక్క పేర్చి, పైన పాత సిల్వరు బేసిన్ బోర్లించాం. ముప్పావు గంట దగ్గర పట్టింది. బామ్మర్ది తెచ్చిన సూది థర్మామీటరు గుచ్చి ఎముక పక్కన 74 డిగ్రీలు చూశాక, బొగ్గుల పక్కకు జరిపి తోలు కరకరలాడేదాకా రెండు నిమిషాలు. ఆ నెమ్మది వేడిలో తెల్లగడ్డ పొడి బంగారు రంగుకు వచ్చి ఆగిపోయింది, చాప్స్ మీదకన్నా దీని మీద బాగా తెలిసింది. కొవ్వు కారి మంట లేచినప్పుడు నీళ్ళు చల్లొద్దు. బూడిద ఎగిరి ముక్కల మీద పడుతుంది. పట్టుకారుతో ముక్కను ఖాళీ పక్కకు జరిపితే మంట దానంతటదే చస్తుంది.

తినేటప్పుడు పల్చగా కోసిన ఎర్రగడ్డ, నిమ్మచెక్క. రాగి సంగటి చేద్దామని ఒకరు, జొన్నరొట్టె అని ఒకరు వాదించుకుని చివరికి రొట్టెకే మొగ్గారు. పులుసు లేకుండా సంగటి గొంతు దిగదని అమ్మ తేల్చింది, ఆ విషయంలో నేనూ ఆమె పక్షమే.

మిగిలిన పొడి ఊరికే లేదు. సన్నగా చీరిన వంకాయకు నూనె రాసి పెనం మీద ఈ పొడితో కాలిస్తే చాలా బాగుంటుంది. కాల్చిన మొక్కజొన్న మీద నిమ్మచెక్కతో అద్దుకోవచ్చు. ఉడికిన గుడ్డు మీద పిల్లలు చల్లుకుంటున్నారు, ఉప్పు వేరే వేసుకోవాలని రోజూ గుర్తు చేయాల్సి వస్తోంది. చేప మీద మాత్రం నాకు నచ్చలేదు, ధనియం మరీ ముందుకొచ్చింది.

పొడి ఎక్కువ కొట్టి పెట్టుకోవద్దు. పచ్చిగా కొట్టింది కాబట్టి రెండు, మూడు నెలలు దాటితే ధనియం వాసన తగ్గిపోతుంది, పాడవదు గానీ ఉత్త కారప్పొడైపోతుంది. తెల్లగడ్డ, ఎర్రగడ్డ ముక్కలు పొడి కొట్టకుండా అట్లే డబ్బాలో పెట్టుకుంటే ఏడాది నిలుస్తాయి. అవి మాత్రం ఎండాకాలంలోనే ఎండబెట్టుకోవాలి, ముసురు పట్టాక ఎంత ఆరేసినా సాగుతూనే ఉంటాయి. మేం ఏప్రిల్‌లో కొట్టిన సీసా ఆషాఢం చివరికి అడుగంటింది. శ్రావణమాసంలో మా ఇంట్లో ఎట్లాగూ నీచు ముట్టరు, కొత్తది ఆ తర్వాతే.